మేలో కుదిరిన పోపురీ శ్రావణంలో ఎందుకు బూజుపట్టింది: ఒక కేస్ స్టడీ

పువ్వులు, ఆకులు, పండ్లు ఎండబెట్టి ఇంటి అలంకరణకు, సువాసనకు పనికొచ్చే వస్తువులు చేయడం హైదరాబాద్‌లో నేర్పుతుంటాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంట్లోంచి చిన్నచిన్న ఆర్డర్లు చేసుకునే ఆడవాళ్లు. ఈ కేసు వాళ్లలో ఒకరిది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, కుటుంబం వివరాలు, ఆర్డర్ ఇచ్చినవాళ్ల సంగతులు మార్చాను. ఇక్కడ ఆవిడను సుగుణ గారు అంటాను. దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం, ఇందులో నేను కూడా ఒక తప్పు చేశాను. ఆ తప్పు మరొకరు చేయకుండా ఉంటే బాగుంటుంది.

పోపురీ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. ఎండిన పూరేకులు, పండ్ల ముక్కలు, సుగంధ దినుసులు, వేర్లు కలిపి, వాసన పట్టించి, గిన్నెలోనో పల్చటి గుడ్డ సంచిలోనో వేసి గదిలో పెట్టుకునే మిశ్రమం అది. క్లాసు మొదటిరోజు ఎవరో ఒకరు "పోపు పెట్టిన పూరీయా అండీ?" అని నవ్విస్తారు. మాట ఫ్రెంచిది. అక్షరాలా అర్థం చెప్పుకుంటే "కుళ్లిన కుండ". ఒకప్పుడు అన్నీ కలిపి ఉడికించే వంటకానికి ఉన్న పేరు తర్వాత ఈ సుగంధ మిశ్రమానికి అంటుకుంది. సుగుణ గారు నా బల్ల మీద పెట్టిన డబ్బా మూత తీయగానే ఆ పాత అర్థమే గుర్తొచ్చింది.

ముందు సంగతి

సుగుణ గారికి యాభై దాటాయి. ఏళ్ల తరబడి బ్లౌజులు కుట్టారు. చూపు తగ్గాక తాంబూలం సంచులు, రిటర్న్ గిఫ్టులు చేయడం మొదలుపెట్టారు. పుట్టింటివాళ్లది గోదావరి జిల్లా కావడంతో మామిడి ఒరుగులు, వడియాలు, అప్పడాలు పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. మే నెలలో ఎక్కడో బొమ్మ చూసి, సరదాగా బత్తాయి చక్రాలు కోసి డాబా మీద ఎండబెట్టారు. మూడు రోజుల్లో గాజు ముక్కల్లా తయారయ్యాయి. వాటికి దాల్చిన చెక్క, అనాస పువ్వు, పూజలో వాడిన గులాబీల ఎండు రేకులు కలిపి, నారింజ వాసన నూనె నాలుగు చుక్కలు వేసి గాజు గిన్నెలో హాల్లో పెట్టారు. ఇంటికొచ్చిన బంధువులావిడ చూసి ముచ్చటపడ్డారు. వాళ్లబ్బాయి గృహప్రవేశానికి 80 సంచులు కావాలన్నారు. ముహూర్తం శ్రావణంలో, ఇల్లు విశాఖపట్నంలో.

ఈ చివరి రెండు ముక్కలు, శ్రావణం, విశాఖపట్నం, సుగుణ గారికి అప్పుడు వట్టి వివరాల్లా అనిపించాయి. కేసంతా వాటిలోనే ఉంది.

నా దగ్గరికి వచ్చేసరికి

ఫంక్షన్ ఇంకా 19 రోజులుంది. ఆవిడ మూడు డబ్బాలు తెచ్చారు.

మొదటిదాంట్లో డాబా మీద ఎండబెట్టిన బత్తాయి ముక్కలు. పైకి ఎండినట్టే ఉన్నాయి కానీ వేళ్లకు జిగురుగా అంటుకుంటున్నాయి, వంచితే తోలులా వంగుతున్నాయి. నడిమి తొన మొదళ్లలో తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు. రెండోదాంట్లో మైక్రోవేవ్‌లో పెట్టినవి. అంచులు మాడాయి, మధ్యలో ఇంకా తడి. మూడోదాంట్లో మొత్తం కలిపేసిన మిశ్రమం. దాని మీద 30 మిల్లీలీటర్ల సీసా నూనె మొత్తం ఒంపేశారు. సంచి గుడ్డ మీద నూనె మరకలు. వాసన చూస్తే, పైన నారింజ పిప్పరమెంటు వాసన, దాని కింద తడిసిన గోనెసంచి వాసన. అడుగున గోధుమరంగు పురుగులు నాలుగైదు, ఆవగింజంత సైజువి, మెల్లగా తిరుగుతున్నాయి.

"ఈసారి కాయలు మంచివి రాలేదండీ," అన్నారు. "మేలో ఇలా కాలేదు. అప్పుడూ ఇలాగే చేశాను. ఒక్క గ్రాము తేడా లేదు."

ఈ మాటను నేను కొట్టిపారేయలేదు. చెయ్యి తిరిగినవాళ్లు పద్ధతి మారలేదంటే చాలాసార్లు నిజంగానే మారి ఉండదు. మరి మారిందేమిటి? పద్ధతి అదే, మనిషి అదే, డాబా అదే. మిగిలింది గాలి. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోవడం మామూలే. ఆగస్టులో 70, 80 దగ్గర తిరుగుతుంది. పండులో ఉన్న చక్కెరలు, ముఖ్యంగా ఫ్రక్టోజు, గాలిలో తేమ 60 శాతం దాటిందంటే నీళ్లను పీల్చుకోవడం మొదలుపెడతాయి. వానాకాలంలో బెల్లం డబ్బా ఎందుకు చెమ్మగిల్లుతుందో ఇదీ అందుకే. మామిడి ఒరుగులకు ఉప్పు పట్టిస్తాం, అదీ నడివేసవిలో. బత్తాయి చక్రానికి ఉప్పు లేదు, ఎండా లేదు.

ఊహ ఊహే కాబట్టి తూచి చూడాలనుకున్నాను. అదృష్టవశాత్తు మే నాటి ముక్కలు కొన్ని ఆవిడ ఇంట్లో హార్లిక్స్ సీసాలో గట్టిగా మూత పెట్టి మిగిలి ఉన్నాయి. వాటిని 40 గ్రాములు, ఇప్పటివి బూజు లేనివి ఏరి 100 గ్రాములు తీసుకుని, నా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) బరువు తగ్గడం ఆగేదాకా సన్నటి వేడి మీద ఉంచాను. మే ముక్కలు 40 నుంచి 36.5 గ్రాములకు వచ్చి ఆగాయి. ఇప్పటివి 100 నుంచి 72కి దిగాయి. అంటే ఎండాయనుకున్న ముక్కల్లో నాలుగో వంతుకు పైగా ఇంకా నీళ్లే. వంటింటి కాటాతో తేల్చిన లెక్కే, ప్రయోగశాల లెక్క కాదు. అయినా ఇంత తేడాకు అది చాలు.

కాటా మీద అంకె చూశాక సుగుణ గారు కాయల మీద నింద మానేశారు. మాటలతో ఒప్పించాలని చూసి ఉంటే అరపూట పట్టేది.

రెండు జబ్బులు, ఒకే మందు

ఇక్కడ ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆవిడ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు: తడి, వాసన నిలవకపోవడం. రెంటినీ కలిపి "వాసన బాలేదు" అనుకున్నారు. అలా అనుకున్నప్పుడు తోచే మందు ఒకటే, ఇంకాస్త నూనె. మొదట 5 చుక్కలు, వారానికి 20, చివరికి సీసా మొత్తం.

నూనె ఎక్కువైతే ఏమవుతుంది? తడి ముక్క మీద పడ్డ నూనె లోపలికి ఇంకదు, పైన పొరలా నిలిచి గుడ్డకు అంటుతుంది. నారింజ, నిమ్మ నూనెల్లో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. అది చాలా తేలికైనది, త్వరగా ఎగిరిపోతుంది. పట్టి ఉంచేది ఏదీ లేకపోతే సీసాడు పోసినా వారం దాటదు. పోపురీ చేసేవాళ్లు ఈ పట్టి ఉంచే పదార్థాన్ని ఫిక్సేటివ్ అంటారు. ఐరోపాలో ఇందుకు ఐరిస్ మొక్క దుంపల్ని ఏళ్లపాటు ఎండబెట్టి దంచిన పొడి వాడతారు. మేలో అది లేకుండా ఎలా కుదిరింది? నిజానికి కుదరలేదు. ఆ గిన్నె వాసన ఎన్నాళ్లుందని అడిగితే కాసేపు ఆలోచించి, "పది రోజులకు మళ్లీ చుక్కలు వేశానండీ" అన్నారు.

ఇంకో అపోహ కూడా తీయాల్సి వచ్చింది. పండు ముక్కే వాసన ఇస్తుందని ఆవిడ నమ్మకం. బత్తాయి వాసన తొక్క మీది సన్నటి తిత్తుల్లో ఉన్న నూనెది. వేడి పెట్టి ఎండబెట్టేటప్పుడు అందులో చాలావరకు ఓవెన్ పక్కనున్న మనకే అందిపోతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే ముక్కలోంచి పోతోందనే అర్థం. చివరికి మిగిలే చక్రం కంటికి అందం. వాసనకు వేరే ఏర్పాటు చేయాలి.

అందుకని పనిని రెండుగా విడగొట్టాం. ముందు తడి, తర్వాత వాసన. ఒకటి తేలేదాకా రెండోది ముట్టుకోకూడదని షరతు పెట్టాను. నూనె సీసాలన్నీ నా బీరువాలో పెట్టేశాను. ఆవిడ నవ్వారు కానీ ఇచ్చేశారు.

ఎండబెట్టడం

పాత సరుకును కాపాడే ఆలోచన చేయలేదు. బూజు పట్టిన ముక్కను మళ్లీ ఎండబెడితే బూజు చచ్చినట్టు కనిపిస్తుంది, దాని బీజాలు అక్కడే ఉంటాయి. పైగా ఇది ఒకరి ఇంట్లో గాలి ఆడే చోట పెట్టుకునే వస్తువు. మూడు డబ్బాల్లోని పండ్ల ముక్కలూ చెత్తలోకి వెళ్లాయి. అది చూడటం ఆవిడకు కష్టమైంది.

కొత్తగా సాత్‌గుడి బత్తాయిలు తెచ్చాం. కమలాలు చౌకగా ఉన్నా వద్దన్నాను. కమలా తొక్క వదులుగా ఉంటుంది, కోసిన చక్రం ఎండేటప్పుడు తొనలు ఊడి రాలిపోతాయి. బత్తాయి తొక్క కండకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మందం. అంతకంటే సన్నగా కోస్తే తొనల మధ్య చిల్లులు పడతాయి, మందంగా కోస్తే గింజల దగ్గర తడి మిగులుతుంది. గింజలు చాకు మొనతో తీసేసి, నూలు గుడ్డల మధ్య పెట్టి అద్దాం. ఈ అద్దడం చాలామంది వదిలేస్తారు. ఓవెన్ పనిలో అరగంట ఇక్కడే తగ్గుతుంది.

ఓటీజీ 100 డిగ్రీలు, జల్లెడ కమ్మీల మీద ఒక్క పొర. తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి కొద్దిగా తెరిచి ఉంచాం. ఆవిరి బయటికి పోకపోతే ముక్క ఎండదు, ఉడుకుతుంది. ఆవిడ మైక్రోవేవ్‌లో జరిగింది అదే. గంటకోసారి తిప్పుతూ నాలుగు గంటలు. 120 పెడితే తొందరగా అవుతుందని ఆవిడ అడిగారు. ఒక ట్రే పెట్టి చూపించాను. చక్కెర గోధుమరంగుకు తిరిగి, మాడిన పాకం వాసన వచ్చింది. మళ్లీ అడగలేదు.

ఎండిందో లేదో తెలుసుకోవడంలో అందరూ పొరపడే చోటు ఒకటుంది. ఓవెన్‌లోంచి తీసిన వేడి ముక్క ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే వేడికి చక్కెర సాగుతుంది. అది చూసి ఇంకా ఎండలేదని మళ్లీ లోపల పెడితే మాడుతుంది. బయటపెట్టి 20 నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు విరవాలి. టక్కున విరిగితే అయినట్టు. దాంతోపాటు కాటా. బత్తాయిలో ఇంచుమించు 87 శాతం నీళ్లు. కిలో ముక్కలు 150 గ్రాముల దగ్గరికి రావాలి. 200 దగ్గర ఆగితే, చూడటానికి ఎంత ఎండినట్టున్నా, లోపల మూడో వంతు నీళ్లున్నట్టే.

రోజుకు మూడు విడతల చొప్పున రెండు రోజుల్లో ముక్కలన్నీ అయ్యాయి. టక్కున విరిగాయి. మా ఇద్దరికీ పెద్ద బరువు దిగింది. తప్పు అప్పుడే చేశాను.

నా తప్పు

గులాబీ రేకులు సుగుణ గారివే, ఇంట్లో నీడన పది రోజులు ఆరినవి. చేత్తో పట్టుకుంటే గలగలమన్నాయి. "ఇవి బాగున్నాయి, కలిపేద్దాం" అన్నాను. తూచలేదు. మొదటిరోజు అంత పట్టుగా కాటా మీద పెట్టించిన మనిషిని, పూరేకులు కదా, వాటిలో ఏముంటుందిలే అనుకున్నాను. ముక్కలు, రేకులు, చెక్క కలిపి పెద్ద స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాం. అప్పటికి పదిహేను రోజులు చేతిలో ఉన్నాయి.

ఐదో రోజు మూత తీస్తే చక్రాలన్నీ వంగుతున్నాయి. బూజు లేదు, జిగురు కూడా పెద్దగా లేదు. కానీ వంగుతున్నాయి.

మూసిన డబ్బాలో తేమ ఎక్కడ ఎక్కువుంటే అక్కడి నుంచి తక్కువున్న చోటికి చేరి సమానమవుతుంది. ఆ డబ్బాలో అన్నిటికంటే పొడిగా ఉన్నవి మేము కష్టపడి ఎండబెట్టిన బత్తాయి చక్రాలే. రేకుల్లో, వాటి మొదలున్న ఆకుపచ్చటి తొడిమల్లో, దాల్చిన చెక్కలో ఉన్న చెమ్మ అంతా చక్రాలు పీల్చుకున్నాయి. గట్టి మూత పెట్టి కాపాడాననుకున్నాను. నిజానికి తడిని లోపలే పెట్టి తాళం వేశాను.

చేతిలో పదకొండు రోజులు మిగిలాయి. సుగుణ గారు నన్నేమీ అనలేదు. "మీకూ అవుతుందన్నమాట," అన్నారు, అంతే. దాని తర్వాత మా మధ్య కొంచెం చనువు పెరిగిందనే అనుకుంటాను.

ముక్కలకు బూజు లేదు కాబట్టి ఏరి, మళ్లీ గంటన్నర ఓవెన్‌లో పెట్టి రక్షించుకున్నాం. రేకుల తొడిమలు గిల్లేసి, వాటిని 50 డిగ్రీల దగ్గర గంట ఉంచాం. ఈసారి దేనికదే వేరే డబ్బా, ఒక్కోదాంట్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం. తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనిపించాను. డబ్బాలో పెట్టి మూతేసి మర్నాడు చూస్తే అంకె 40 లోపు ఉండాలి. ఉంటేనే ఆ సరుకు కలపడానికి పనికొస్తుంది.

ఇంట్లోనే విశాఖపట్నం

ఇప్పుడు రెండో ప్రశ్న. హైదరాబాద్‌లో ఎంత పొడిగా చేసినా, ఈ సంచులు తెరుచుకునేది సముద్రం ఒడ్డున, శ్రావణమాసంలో. అక్కడి గాలిలో తేమ 75 శాతం దాటడం మామూలే. ఆ గాలిలో మా చక్రం ఎన్నాళ్లు ఆగుతుంది?

ఊహించడం మానేసి ఒక పాత ఉపాయం వాడాం. ఉప్పును నీళ్లతో ముద్దగా తడిపి గిన్నెలో వేసి, ఆ గిన్నెను పెద్ద మూత డబ్బాలో పెడితే లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరంగా నిలబడుతుంది. బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ఉప్పు గిన్నె పక్కన ప్లేట్లో బత్తాయి చక్రాలు, యాపిల్ ముక్కలు, నిమ్మ చక్రాలు, వట్టి బత్తాయి తొక్క పెట్టాం. మీటరు కూడా లోపలే.

యాపిల్ మొదటిరోజు రాత్రికే తోలైంది. బత్తాయి రెండో రోజుకు వంగింది, మూడో రోజుకు వేలికి అంటింది. నిమ్మ మూడో రోజుకీ కొంత బిరుసుగానే ఉంది. తొక్కకు మాత్రం పెద్ద తేడా తెలియలేదు. నిమ్మలో చక్కెర చాలా తక్కువ, తొక్కలో రసం ఉండే గుజ్జే లేదు కాబట్టి ఇలా అవుతుందని అంచనా ఉన్నదే. కళ్లతో చూడటం వేరు.

కాబట్టి నిర్ణయం: విశాఖ సంచుల్లో బత్తాయి చక్రాలు వద్దు. వాటి బదులు నిమ్మ చక్రాలు రెండేసి, పచ్చిగా ఉన్నప్పుడే నక్షత్రాలుగా, ఆకులుగా కోసి ఎండబెట్టిన బత్తాయి తొక్క. వార్నిష్ స్ప్రే కొడితే తేమ లోపలికి వెళ్లదు కదా అని సుగుణ గారు అడిగారు. కొందరు అలంకరణ దండలకు కొడతారు. ఇక్కడ వద్దనడానికి రెండు కారణాలు. ముక్క లోపల ఏ కాస్త తడి మిగిలినా అది బయటికి పోలేదు. రెండోది, వార్నిష్ వాసన ఉన్నచోట మరే వాసనా నిలబడదు.

కష్టమంతా ఆర్డర్ ఇచ్చినవాళ్లకు చెప్పడంలో ఉంది. శాంపిల్‌లో చూసింది పెద్ద బత్తాయి చక్రం. దాన్ని చూసే ఆర్డర్ ఇచ్చారు. "చెప్తే ఆర్డర్ పోతుందేమోనండీ, చెప్పకుండా నిమ్మ పెట్టేస్తే ఏమంటారు?" అని సుగుణ గారి టెన్షన్. చెప్పాల్సిందే అన్నాను. 80 మంది చుట్టాల చేతుల్లోకి వెళ్లే వస్తువు, ఒక్కరు మార్పు గమనించినా మాట పోతుంది. ఉప్పు డబ్బాలోని మూడో రోజు బత్తాయిని, నిమ్మను పక్కపక్కన పెట్టి ఫోటో తీసి పంపమన్నాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: "సరే వదినా, జిగురు జిగురుగా ఉంటే బాగోదులే." మూడు రోజుల బెంగ ఆ ఒక్క ఫోటోతో తీరింది.

వాసన సంగతి

నూనె సీసాలు బీరువాలోంచి బయటికి వచ్చాయి.

ఐరిస్ పొడి నా దగ్గర కొంచెం ఉంది, కానీ వాడలేదు. పొడి పల్చటి గుడ్డలోంచి రాలుతుంది, పట్టుచీరల మధ్య తెల్లటి దుమ్ము రాలితే తిట్లు తప్పవు. పైగా ఆవిడ తర్వాత సొంతంగా చేసుకోవాలంటే మూలికల కొట్లో దొరికేవే మేలు. వట్టివేరు, సాంబ్రాణి పలుకులు, తుంగముస్తెలు, కచ్చూరాలు తెచ్చాం. సున్నిపిండిలో ఇవి ఎందుకు వేస్తారో ఆవిడకు నేను చెప్పనక్కర్లేదు. వట్టివేరులోని నూనె బరువైనది, చాలా నెమ్మదిగా ఎగురుతుంది. తేలికపాటి నిమ్మ, నారింజ వాసనల్ని కొంత వెనక్కి పట్టి ఉంచుతుంది.

పురుగులు ఎక్కడివో కూడా ఇక్కడే తేలింది. మూడో డబ్బాలో వేసిన పాత కచ్చూరాలను విరిచి చూస్తే గుండుసూది మొనంత చిల్లులు, లోపల పొడి. దినుసుల్ని, ఎండుదుంపల్ని తొలిచే పురుగు. కొత్తగా తెచ్చిన వేర్లు, దుంపలు, ఆవిడ ఇంటి రేకులు అన్నీ మొదటిరోజే గాలి చొరని కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర ఐదు రోజులు పెట్టించాను. వేడి పెట్టినా పురుగు చస్తుంది కానీ వాసనా పోతుంది. ఫ్రీజర్‌లోంచి తీశాక కవరు గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు. వెంటనే విప్పితే చల్లటి వేళ్ల మీద చెమ్మ పడుతుంది, కథ మళ్లీ మొదటికి. (రేకుల్లోని చెమ్మ సంగతి దీనికి సంబంధం లేనిది. అది ముందే వాటిలో ఉన్నది, నేను చూడనిది.)

నూనెను నేరుగా ముక్కల మీద చల్లలేదు. వట్టివేరును కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి, సాంబ్రాణిని నలగ్గొట్టి, తుంగముస్తెలు కచ్చాపచ్చాగా దంచి, ఆ 100 గ్రాముల మిశ్రమానికి 12 మిల్లీలీటర్ల నూనె పట్టించాం. నారింజ నూనె సగం, లవంగ నూనె కొద్దిగా, మిగతాది వట్టివేరు నూనె. సీసాలో బిగించి మూడు రోజులు, రోజుకోసారి కుదుపుతూ ఉంచాం. ఉప్పు డబ్బా పరీక్ష జరుగుతున్న మూడు రోజులే ఇవీ, కాబట్టి టైమ్ వృథా కాలేదు. తర్వాతే దాన్ని నిమ్మ, తొక్క, రేకులు, దాల్చిన చెక్క, అనాస పువ్వు, ఎండు దవనంతో కలిపాం. మొత్తం రెండు కిలోల పైచిలుకు. దవనం సుగుణ గారి ఆలోచన. ఎండినా వాసన పోని ఆకు మన పూలకొట్లో ఉండగా ఎక్కడెక్కడివో వెతకడం ఎందుకన్నారు. నేను ఇన్నేళ్లుగా దాన్ని వాడనే లేదు. ఇప్పుడు ప్రతి క్లాసులో వాడుతున్నాను.

మామూలుగా అయితే ఈ మిశ్రమాన్ని మూతపెట్టి మూడు నాలుగు వారాలు మగ్గనివ్వాలి. వాసనలు విడివిడిగా కాకుండా ఒకటిగా అనిపించడానికి అంత పడుతుంది. మాకు దొరికింది ఏడు రోజులు. లవంగం కాస్త ముందుకు పొడుచుకొస్తోందని నాకు అనిపించింది. మిగతా ఎవరూ అనలేదు.

సంచి కట్టేటప్పుడు

ఆర్గాంజా సంచిలోంచి గాలి ఆడుతుంది, అందుకే వాసన బయటికి వస్తుంది. అందుకే తేమ లోపలికీ వెళ్తుంది. కాబట్టి సంచిని కట్టి, దాన్ని మళ్లీ పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ చేశాం. తీసుకున్నవాళ్లు ఇంటికెళ్లి విప్పుకుంటారు. తాంబూలం కవర్లో అరటిపండు, తడి తమలపాకులతో కలిపి పెట్టొద్దని, పైన విడిగా చేతికివ్వమని చెప్పించాం.

చీటీ దగ్గర మాత్రం మేమిద్దరం వాదించుకున్నాం. "ఇది వాసనకు మాత్రమే, తినకూడదు, పిల్లలకు అందనివ్వకండి" అని రాయాలని నేను. శుభకార్యంలో ఇచ్చే వస్తువు మీద "కూడదు" అనే మాట ఏమిటని ఆవిడ. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ దాల్చిన చెక్క, లవంగం, ఎండు నిమ్మ, అన్నీ మన వంటింటివే, పైగా లడ్డూ, జంతికలు ఉన్న సంచితో పాటు వస్తున్నాయి. మూడేళ్ల పిల్లాడు దాన్ని చిరుతిండి అనుకోకపోతేనే ఆశ్చర్యం. దానికి పట్టించిన నూనె కడుపులోకి వెళ్లాల్సింది కాదు. చివరికి చీటీ ముందువైపు "శుభం" అని పసుపు రంగులో, వెనకవైపు నా వాక్యం. ఆ రాజీ ఆవిడదే.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే

ఈ కేసు తర్వాత నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. ఇదివరకు "ఏమేం వేశారు?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "ఏ నెలలో చేశారు, ఏ ఊళ్లో పెట్టుకుంటారు?" అని అడుగుతున్నాను. దినుసుల జాబితా ముందు పెట్టుకుని గంట గడిపినా మే, శ్రావణం మధ్య తేడా అందులో కనిపించేది కాదు.

మళ్లీ చేయాల్సి వస్తే ఉప్పు డబ్బా పరీక్షను మొదటిరోజే పెడతాను. అలా చేసి ఉంటే రెండు రోజుల ఓవెన్ కరెంటు, కిలోల కొద్దీ బత్తాయిలు మిగిలేవి. సుగుణ గారు ఆ చక్రాలను సీసాల్లో పెట్టి దసరాకు హైదరాబాద్‌లోనే అమ్ముకున్నారు కాబట్టి నష్టం రాలేదు, అది ఆవిడ తెలివి. నా సలహాలో మాత్రం వరస తప్పింది. ముందు సరుకు చేయించి, తర్వాత అది వెళ్లే ఊరి గురించి ఆలోచించాను.

వట్టివేరు ఎంత వేయాలన్నది ఇప్పటికీ నాకు పూర్తిగా తెగలేదు. ఎక్కువైతే కూలర్ వాసన వస్తోందంటున్నారు పిల్లలు. మా తరానికి అదే వేసవి సెలవుల వాసన, వాళ్లకు నచ్చడం లేదు.

ఫంక్షన్ బాగా జరిగింది. రెండు నెలల తర్వాత సుగుణ గారు విశాఖపట్నం వెళ్లి, నలుగురైదుగురు చుట్టాల ఇళ్లలో ఆ సంచుల కోసం వెతికి మరీ చూసొచ్చారు. బీరువాలో పెట్టినవి బాగున్నాయట, తెరవగానే వాసన వచ్చిందట. హాల్లో పెట్టినవాటిలో నిమ్మ మెత్తబడింది కానీ బూజు లేదు. ఒక ఇంట్లో మాత్రం సంచి మొత్తం నల్లబడి ఉంది. ఎక్కడ పెట్టారని అడిగితే, గీజరు పక్కన కొక్కేనికి తగిలించామన్నారట.

"చీటీ మీద తినకూడదని రాయించారు," అన్నారు ఫోన్లో. "స్నానాల గదిలో పెట్టకూడదని రాయించలేదు కదండీ."